బుగ్గలో కార్జం ముక్క

కుక్కల పోటీకి వచ్చిన రోజున మావిస్ ఓల్డ్‌రాయిడ్ ఎడమ బుగ్గ ఉబ్బి ఉంటుంది. అందులో ఉడికించిన కార్జం ముక్క దాస్తుంది. జడ్జి దగ్గరికి రాగానే దాన్ని తీసి తన కుక్క పికిల్ ముక్కు ముందు ఆడిస్తే, అది మెడ సాచి మహారాణిలా నిలబడుతుంది. తర్వాత ముక్క మళ్ళీ బుగ్గలోకే. తన కుక్కతో పోటీకొచ్చే పక్క ఊరి సిరిల్‌కి అది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అతని ముక్క జేబులో, రుమాల్లో ఉంటుంది. పదకొండేళ్ళుగా మొదటి బహుమతి ఎర్ర కార్డు అతనిదే, రెండో బహుమతి నీలం కార్డు ఆమెదే. కార్డులు పంచగానే మావిస్ అతని చెయ్యి పట్టుకుని, భుజం ఊడొచ్చేలా ఊపి, నిండు బుగ్గతోనే "హబాహ్, హిరిల్!" అంటుంది. అది "శభాష్, సిరిల్" అని యార్క్‌షైర్‌లో కుక్కలవాళ్ళందరికీ తెలుసు.

మొన్న శనివారం పోటీలో, వాన డేరా మీద దరువేస్తుండగా, ఎర్ర కార్డు మావిస్ చేతిలో పడింది. ఆమె అలవాటు కొద్దీ గిరుక్కున తిరిగి సిరిల్ చెయ్యి ఊపేసింది.

"హబాహ్, హిరిల్!"

"ఓసి పిచ్చిదానా, గెలిచింది నువ్వే!"

మావిస్ కార్డు వంక చూసుకుని పగలబడి నవ్వింది. నోట్లో ముక్క ఎగిరిపడితే సిరిల్ కుక్క గాల్లోనే అందుకుంది. డేరా అంతా గొల్లున నవ్వింది.

"మరి నాకు శభాష్ చెప్పవా?" అంది మావిస్.

"ఎప్పుడైనా చెప్పానా, అలవాటుండడానికి?" అంటూ సిరిల్ రుమాలు విప్పాడు. ముక్క వంక ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, బుగ్గన పెట్టుకున్నాడు.

"హబాహ్, మావిహ్!"