వారం చీటీలో నాలుగో గడి

ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. అమ్మమ్మ ముద్దుగా మిరపకాయ అని పిలిచేది. అలాంటి పిల్ల ఇరవై మూడేళ్లకు పరదేశానికి సువార్త సేవకు వెళ్తానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "నువ్వు తలుపు కొడితే లోపలున్నవాళ్లు పోలీసుల్ని పిలుస్తారే" అన్నాడు వాళ్ల మేనమామ. మిరపకాయ అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పెట్టె సర్దుకుంది.

వచ్చి పదకొండు నెలలైంది. భాష వంటబట్టింది. మెట్ల మీద బూట్లు రెండు జతలు అరిగాయి. ఛాతీ మీద పేరున్న బిళ్ళ, చంకలో సంచి, పక్కన జంట. ఒంటరిగా తిరగకూడదు, కంటికి కనిపించనంత దూరం పోకూడదు, ఇది నియమం. ఆమె జంట రెండేళ్లు పెద్దది, నర్సు చదువు చదివి వచ్చిన పిల్ల. ఈమె ఆమెను అక్కా అని పిలుస్తుంది. అక్కకు నియమాలంటే ప్రాణం. పొద్దున ఆరున్నరకు లేవాలంటే ఆరూ ఇరవైతొమ్మిదికే పక్క మీద కూర్చుని గడియారం చూస్తుంటుంది.

ఆ ఇద్దరూ ఉండేది మూడో అంతస్తులో ఒకే గది. రెండు మంచాలు, ఒక బల్ల, సరిగ్గా మూతపడని కిటికీ. శనివారం సాయంత్రం ఆ బల్ల దగ్గరే వారం చీటీ నింపాలి. చీటీలో నాలుగు గడులు: తట్టిన తలుపులు, తెరుచుకున్న తలుపులు, చెప్పిన పాఠాలు, బాప్తిస్మానికి సిద్ధమైనవారు. మొదటి గడిలో మూడొందలు, రెండో దాంట్లో ఇరవై, మూడో దాంట్లో ఏడెనిమిది వస్తే గొప్ప. నాలుగో గడిలో ఎప్పుడూ సున్నాయే. ఆ సున్నా చుట్టేటప్పుడల్లా మిరపకాయకు ఒళ్ళు మండేది. మనుషుల్ని గడుల్లో కూర్చోబెట్టే ఆ కాగితాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో కనిపిస్తే కడిగిపారెయ్యాలని ఉండేది. కనిపించలేదు కాబట్టి పళ్ళు కొరుక్కుని సున్నా చుట్టేది.

పక్క వీధిలో దర్జీ ఆవిడ ఇల్లు తెరుచుకున్న తలుపుల్లో ఒకటి. ఆవిడకు యాభై ఉంటాయి. భర్త పోయి తొమ్మిదేళ్లు. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో పక్షవాతంతో పడి ఉన్న అత్తగారు. కుట్టి కుట్టి ఆవిడకు కుడి కన్ను మసకబారింది. కంట్లో సూది వెయ్యాలన్నారు, నెలకొకటి చొప్పున ఆరు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి వస్తుంది, అప్పటికి కన్ను మిగులుతుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. మొదటి సూదికి అత్తగారిని లోపల పెట్టి తాళం వేసి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ముసలావిడ మంచం కింద పడి ఉంది.

ఆ సంగతి విన్నాక మిరపకాయ ఇంకేం ఆలోచించలేదు. "మంగళవారం మేం కూర్చుంటాం పిన్నీ, మీరు వెళ్లిరండి" అంది. అక్క మోచేత్తో పొడిచింది. పొడవనీ.

అలా ప్రతి నెలా మొదటి మంగళవారం పొద్దున నాలుగు గంటలు వాళ్లు ఆ ఇంట్లో గడిపారు. రెండు గంటలకోసారి ముసలావిడను పక్కకు తిప్పాలి. సూపు చెంచాతో ఎడమ దవడలో పొయ్యాలి, కుడివైపు పోస్తే పొలమారుతుంది. తడిసిన దుప్పటి ఎలా లాగాలో, మనిషిని ఎత్తకుండా కొత్తది ఎలా జరపాలో అక్క నేర్పింది. మొదట్లో మిరపకాయ పని చేస్తూ కీర్తన పాడేది. ముసలావిడ సగం నోటితో, "ఆపు తల్లీ, కాళ్లూ చేతులే పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి" అంది. అక్క నవ్వలేక దగ్గింది.

మిగిలిన వారాల్లో పాఠాలు. ఆరు పాఠాలూ అయిపోయాయి. అన్నీ విన్నాక దర్జీ ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంటూ, "మంచి మాటలే చెప్పావు పిల్లా. నాకొద్దు" అంది. అంతే. గొంతులో కోపమూ లేదు, మొహమాటమూ లేదు.

ఆరు పాఠాలు విని ఒప్పుకోని ఇంటిని జాబితాలోంచి కొట్టెయ్యాలి. అదీ నియమమే. కొట్టేసిన ఇంటికి మళ్లీ వెళ్లకూడదు, ఆ సమయం వేరే తలుపులకు పెట్టాలి. అప్పటికి నాలుగు సూదులే పడ్డాయి. ఇంకా రెండున్నాయి.

"కొట్టెయ్" అంది అక్క శనివారం సాయంత్రం పెన్ను చేతికిస్తూ.

"ఆవిడ కన్నో?"

"దేవుడు ఇంకో దారి చూపిస్తాడు."

"చూపించాడుగా. మనమే ఆ దారి. ఇంకెన్ని దారులు చూపించాలి ఆయన?" అంటూ మిరపకాయ చీటీ లాక్కుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటలోనే నాలుగో గడిలో ఒకటి అని రాసింది. ఎదురుగా దర్జీ ఆవిడ పేరు రాసింది. సిద్ధమవుతున్నవారి ఇంటికి ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు కదా! అక్క పెన్ను వెనక్కి తీసుకుని మూత పెట్టింది. చీటీ వెళ్లిపోయింది. అబద్ధం రాశానని మిరపకాయకు తెలుసు. ఆ పూటకు తెలివైన పని చేశాననే అనుకుంది.

ఆ ఊళ్లో సేవ నడిపించే అయ్యగారు ఆ చీటీ చూసి పొంగిపోయారు. ఏడాదిగా నాలుగో గడిలో సున్నాలు చూసి చూసి అలిసిన కళ్లు మరి. బాప్తిస్మపు తెల్ల అంగీలు ఎప్పుడూ బయట కుట్టిస్తారు. ఈసారి వచ్చే సహోదరే దర్జీ! అయ్యగారికి అద్భుతమైన ఆలోచన వచ్చింది. గురువారం నాలుగు మీటర్ల తెల్లగుడ్డ తీసుకుని అమ్మగారిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. "మీ అంగీ మీ చేతుల్తోనే కుట్టుకుంటే ఎంత సంతోషం!" అన్నారు. ప్రార్థన చేశారు. గుడ్డ మిషను మీద పెట్టి వచ్చేశారు. దర్జీ ఆవిడ ఏమందో వినే ఓపిక ఇద్దరికీ లేకపోయింది.

శుక్రవారం మిరపకాయ వెళ్లేసరికి ఆ గుడ్డ అక్కడే, మడత విప్పకుండా ఉంది.

"కూర్చోకు" అంది దర్జీ ఆవిడ. "నిలబడే చెప్పు. నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"పిన్నీ, అది..."

"నాకొద్దని నీ మొహం మీదే చెప్పాను. విన్నావు. తలూపావు. మా అత్త పక్క తుడిచావే, ఆవిడ తిట్లు పడ్డావే, అదంతా ఈ గుడ్డ కోసమా?"

"కాదు పిన్నీ. మళ్లీ ఇక్కడికి రానివ్వరని అలా రాశాను."

"అంటే నా పేరు పెట్టి అబద్ధం రాశావు. నా ఇంటికి రావడానికి నన్నడగాలా, వాళ్లనడగాలా?" అంది ఆవిడ. "నా కన్ను పోతే పోనీ. నువ్వు మాత్రం రాకు."

పదకొండు నెలల్లో వేల తలుపులు ముఖాన పడ్డాయి, ఏదీ నొప్పెట్టలేదు. ఇది పెట్టింది. మెట్లు దిగుతూ అయ్యగారి మీద, చీటీ మీద, మాట్లాడకుండా వెనకే వస్తున్న అక్క మీద నిప్పులు కక్కింది. కింది మెట్టు చేరేసరికి తిట్టడానికి తనొక్కతే మిగిలింది.

నేరుగా అయ్యగారి ఆఫీసుకెళ్లింది. నేను రాసింది అబద్ధం అని చెప్పింది. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు కోపం రాదు, అదే ఆయనతో చిక్కు.

"పశ్చాత్తాపపడ్డావు, మంచిది" అన్నారు. "ఆ ఇంటిని కొట్టేద్దాం."

"మంగళవారం ఆవిడకు సూది ఉందండి. ముసలావిడ దగ్గర ఎవరుంటారు?"

"మనం వచ్చిన పని అది కాదమ్మా."

"మరి ఏ పనండీ? తలుపులు లెక్కపెట్టడానికా సముద్రం దాటి వచ్చింది?"

"చూశావా, ఈ కోపమే నీ చేత అబద్ధం రాయించింది." ఆయన నవ్వారు. "మళ్లీ ఆ గడప తొక్కితే నీ చేతికి ఇంటి టికెట్టే. ఆలోచించుకో."

ఆయన అన్నదాంట్లో మొదటి మాట నిజం. అందుకే ఇంకా మండింది.

మంగళవారం పొద్దున్నుంచీ వాన. మిరపకాయ బూట్లు కట్టుకుంటుంటే అక్క అడ్డం నిలబడింది.

"నువ్వెళ్తే నేనూ రావాలి. నీ కోపానికి నన్నెందుకు బలిచేస్తావే?"

"రాకు."

"నిన్ను ఒంటరిగా వదలకూడదు. నియమం" అంది అక్క ఏడుపు గొంతుతో, గొడుగు తీసుకుంటూ. దారంతా పది అడుగుల వెనక, ముఖం మాడ్చుకుని నడిచింది.

తలుపు తెరిచే ఉంది. దర్జీ ఆవిడ కోటు వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని మిషను ముందు కూర్చుని ఉంది. వెళ్లడానికి తయారై, వెళ్లలేక. తొమ్మిది కావస్తోంది.

"రావద్దన్నాను" అంది.

"విన్నాను పిన్నీ. మీ బస్సు తొమ్మిదీ పదికి. తిట్టాలంటే వచ్చాక తిట్టండి."

ఆవిడ కదల్లేదు. వెనక గదిలో ముసలావిడ మూలిగింది. దర్జీ ఆవిడ లేచి, మిరపకాయ ఛాతీ మీది బిళ్ళ చూపించింది. "అది తీసెయ్. నా ఇంట్లో నువ్వు ఎవరి మనిషివీ కావు."

బిళ్ళ లేకుండా గది బయట అడుగు పెట్టకూడదు. మిరపకాయ దాన్ని పీకి జేబులో వేసుకుంది. పిన్ను వేలికి గుచ్చుకుంది. వెనక అక్క కూడా తనది తీసింది. దర్జీ ఆవిడ మరో మాట లేకుండా వానలోకి వెళ్లిపోయింది.

"ఇవాళ పాట లేదా?" అంది ముసలావిడ.

"లేదు బామ్మా."

"బతికించావు."

పదకొండింటికి పక్క తడిసింది. దుప్పట్లు వెతికితే రెండూ తీగ మీద నీళ్లోడుతున్నాయి. మిరపకాయ ముందు గదిలోకి వెళ్లింది. మిషను మీద నాలుగు మీటర్ల తెల్లగుడ్డ. కత్తెర తీసుకుని సగానికి కత్తిరించింది.

"అది బాప్తిస్మానికి..." అంది అక్క.

"ముసలావిడ వెన్ను పుండు పడుతోంది. పట్టుకో ఆ కొస."

అక్క కొస పట్టుకుంది. తర్వాత నర్సులా, ముడత లేకుండా, అంచులు పరుపు కిందికి చెక్కి పరిచింది.

ఒంటిగంటకు దర్జీ ఆవిడ ఒక కంటికి కట్టుతో వచ్చింది. మంచం చూసింది. అంచు వేళ్లతో తడిమింది.

"తిరిగి పంపెయ్యాలనుకున్న గుడ్డ ఇది. ఆయనకేం చెప్తావు?"

"మంచం మీద పరిచానని చెప్తాను. నిజం రాయడం కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను పిన్నీ."

"కోపం తగ్గిందనుకోకు."

"తగ్గలేదని తెలుసు. నా మీద నాకూ తగ్గలేదు."

ఆవిడ కోటు విప్పి మేకుకు తగిలించింది. "వచ్చే నెల ఆఖరిది. ఎనిమిదిన్నరకల్లా ఉండాలి" అంది గోడ వైపు తిరిగి.

"ఉంటాను" అంది మిరపకాయ. అనేశాక గానీ టికెట్టు సంగతి గుర్తుకు రాలేదు.

మిగిలిన రెండు మీటర్లూ మడిచి సంచిలో పెట్టుకుని అటునుంచటే అయ్యగారి ఆఫీసుకు నడిచింది. ఈసారి అక్క పక్కనే నడిచింది, ఇద్దరూ ఒకే గొడుగు కింద. బిళ్ళలు జేబుల్లోనే ఉన్నాయి. మిరపకాయ గుడ్డను ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇది సగమండీ. మిగతా సగం ముసలావిడ కింద ఉంది" అంది. "ఆ గడప తొక్కాను. వచ్చే నెల మొదటి మంగళవారం మళ్లీ తొక్కుతాను. టికెట్టు బుధవారానికి తియ్యండి."