గోడల్లేని గది కోసం ఉదయగిరి దాకా

ఉదయగిరికి చాలామంది కొండ మీది కోట చూడటానికి వెళ్తారు. నేను ఒక ద్వారబంధం కొలవడానికి వెళ్లాను. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. నెల్లూరులో ఒక ఇంజనీరు ఆఫీసులో పగలంతా ట్రేసింగ్ పేపరు మీద ప్లాన్లు గీసి, సాయంత్రం కాగానే ఒక మేడ మీద గదిలో మస్తాన్ సార్ దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకునేదాన్ని. అప్పటిదాకా నాకు తెలిసిన గీత ఉత్త గీతే. ఈ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం గీత గీస్తే గోడ లేచేది. దానికి ఎత్తు, మందం, ఇటుక, పూత అన్నీ ఉండేవి. తలుపు తెచ్చి గోడకు ఆనిస్తే ఆ మేరకు గోడ తనంతట తానే తొలగి దారిచ్చేది. నాలుగు గోడలూ కలిశాక మధ్యలో ఒకసారి నొక్కితే ఇది గది అని గుర్తుపట్టి, దాని విస్తీర్ణం ఎంతో చెప్పేది. ఎక్కడైనా సందు మిగిలితే గది మూసుకోలేదని మొండికేసేది. ఆ నెలల్లో నేను కళ్లు మూసుకుంటే చాలు, చీకట్లో సన్నటి గీతలు ఒకటొకటిగా లేచి నిలబడి ఇళ్లయ్యేవి. నా వాలకం చూసి మా అమ్మ గుళ్లో ప్రార్థన చేయిద్దామా అని కూడా అంది.

చివరి పాఠంగా సార్ ఒక పని పెట్టారు. మీకు తెలిసిన ఇల్లు ఒకటి పునాది నుంచి కప్పు దాకా కంప్యూటర్లో కట్టి చూపించండి అన్నారు. సరిగ్గా అప్పుడే మా అమ్మ తమ్ముడు దానియేలు మామ ఆత్మకూరులో చిన్న స్థలం కొన్నాడు. వచ్చే సోమవారం ముగ్గు పోయాలి, అంటే మేస్త్రీ నేల మీద తెల్లపొడితో గోడల గుర్తులు పెట్టాలి, ఆ లోపల ప్లాను నువ్వే గీసివ్వాలి అని కబురు పెట్టాడు. మామ కోరిక సూటిగా ఉంది: స్థలం మొత్తం మీద స్లాబు, అంగుళం కూడా వదలొద్దు. మా అవ్వ లేయమ్మ కోరిక ఇంకా సూటిగా ఉంది. సోమశిల డ్యాము నీళ్ల కింద మునిగిపోయిన ఇల్లు ఎలా ఉండేదో అలా కడితేనే ఆమె కొత్త ఇంట్లో కాలు పెడుతుంది. లేదంటే ఉదయగిరిలో ఉన్న చెల్లెలు రాహేలమ్మ దగ్గరికి పోయి అక్కడే ఉండిపోతుంది. ఊరు పోయినప్పటినుంచీ అద్దె ఇళ్లలో తల్లిని వెంటబెట్టుకుని తిరిగిన మామకు ఆ మాటతో అన్నం సహించడం మానేసింది.

అవ్వ ఇల్లే నా చివరి పాఠం అయింది. ఆమెను కూర్చోబెట్టి అడిగితే లోపలి గది, దాని పక్కన వంటిల్లు, ముందర ఒక పెద్ద గది అని చెప్పింది. ముందర గదిలో ఇరవైమంది వరసగా పడుకునేవాళ్లట. కొలతలడిగితే రెండు చేతులూ బారజాపింది. కాగితం మీద మిగిలింది మా అమ్మ పెళ్లినాటి ఫొటో ఒక్కటే. అందులో పెంకుల చూరు, ముందు గోడ, గుమ్మం కనిపిస్తాయి. గుమ్మం అసలు ఎత్తు తెలిస్తే దాన్ని బట్టి ఫొటోలోని గోడ పొడవు లెక్కగట్టవచ్చు. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఆ ద్వారబంధాన్ని ఊడదీసి చిన్నవ్వ రాహేలమ్మ బండి మీద ఉదయగిరి తీసుకుపోయి తన ఇంటికి పెట్టించుకుంది. ఈ ప్రయాణం అలా మొదలైంది.

శుక్రవారం తెల్లవారుజామున నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కాను. అప్పట్లో టికెట్టు పదిహేను రూపాయల లోపే. ఇప్పుడు ఆ డబ్బుకు టీ వస్తే గొప్ప. బుచ్చిరెడ్డిపాళెం, సంగం మీదుగా గంటన్నర ప్రయాణం, పొద్దున్నే బయల్దేరితే ఎండ తగలదు. సంగం దాకా కోసిన వరి మళ్లు మంచులో తడిసి పడుకుని ఉంటాయి. అది దాటితే నేల రంగు మారుతుంది, పచ్చదనం పలచబడుతుంది, తాటిచెట్లు ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. కిటికీకి తల ఆనించి సగం నిద్రలో ఆ ఖాళీ నేల మీద గోడలు లేపుకుంటూ పోయాను. ఒక్కటీ నిలబడలేదు. ముందర గది ఎటు తిప్పినా ఆ ఇంట్లో ఇమడటం లేదు.

ఆత్మకూరు బస్టాండులో అవ్వ ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉంది. మామ ఎదురుగా ఉన్న పాకలో మా ఇద్దరికీ కారం దోసెలు తినిపించాడు. ఆ దారిన పోయేవాళ్లు ఏ పాకలోనైనా పొద్దున తొమ్మిది లోపే తినాలి, తర్వాత పిండి అయిపోతుంది. మామ మాత్రం దోసె ముట్టలేదు.

“ఆ గుమ్మం కొలిస్తే ఏమొస్తాదమ్మాయ్?” అన్నాడు. “నాకు తెలియని ఇల్లా అది? ఏటేటా తాటాకెక్కించి కప్పలేక నా నడుం ఇరిగినాది. ఇంక నా వల్ల గాదు. స్లాబేసుకుంటే సచ్చేదాకా దిగులుండదు.”

“నీ స్లాబు కింద నువ్వే పడుకోరా,” అంది అవ్వ దోసె తుంచుకుంటూ.

ఉదయగిరి బస్సులో రెండు గంటలు కూర్చోవాలి. సీటు దొరకాలంటే బస్సు ప్లాట్‌ఫారానికి రాకముందే కిటికీలోంచి సంచి వేసే వాళ్లను బతిమాలుకోవాలి. అవ్వను చూసి ఒకాయన లేచాడు. కండక్టరు వచ్చి “యాడికవ్వా?” అనడిగాడు.

“మా ఇంటికి.”

“మీ ఇల్లు యాడుండాది?”

“గుమ్మం ఉదయగిరిలో ఉండాది. మిగతాది సోమశిల నీళ్లల్లో ఉండాది.”

అతను టికెట్ల కట్ట తిప్పాడు. “అయితే ఉదయగిరికి కొడతా. గుమ్మం దాకా పోవచ్చు,” అని టికెట్టు చించి చేతిలో పెట్టాడు. నవ్వలేదు, ఆమె కూడా నవ్వలేదు. ఇద్దరికీ అది మామూలు లెక్కలాగే ఉంది.

దారి పొడుగునా చిట్టడవులు, మేకల మందలు, ఎర్రమట్టి. గాలి వేడెక్కుతున్నకొద్దీ దూరంలో ఉన్నవన్నీ నీళ్లలో ఉన్నట్టు కదులుతున్నాయి. అవ్వ నిద్రపోతోందనుకున్నాను. కళ్లు తెరవకుండానే అడిగింది.

“నీ కంప్యూటర్లో నీళ్లు గూడా పెట్టినావా పాపా?”

“లేదవ్వా. ఇల్లు, నేల, అంతే.”

“మంచిదిలే. నీళ్లొద్దు.”

ఉదయగిరి చేరుతున్నామని ముందుగా కొండ చెబుతుంది. మొదట నీలంగా పొగలాగా కనిపించి, మెల్లగా బండలు, చెట్లు, తెగిన గోడలు బయటపడతాయి. బస్సు దిగాక కొండ నీడ పడే వీధుల్లోకి నడవాలి. చెక్క చెంచాలు, గరిటెలు చెక్కి అమ్మే దుకాణాలు కనిపిస్తాయి, తిరుగు ప్రయాణంలో కొనుక్కుంటే మోసే బరువు తగ్గుతుంది. చిన్నవ్వ ఇల్లు వీధి చివర. మమ్మల్ని చూడగానే “ఎండనబడి వచ్చినారే” అని మజ్జిగ తెచ్చింది. అవ్వ గ్లాసు అందుకోకుండా నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లింది. నల్లటి కర్ర, పైన చిన్న శిలువ. ఒక పక్క, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, నూనె పట్టి నున్నబడిన చోటు ఉంది. అవ్వ దాని మీద అరచెయ్యి ఆనించింది. అప్పుడు నాకు టేపు బయటికి తీయాలంటే సిగ్గేసింది.

చివరికి కొలిచాను. ఫొటో పక్కన పెట్టుకుని లెక్కగట్టాను. ఎన్నిసార్లు చేసినా గోడ పొడవు పద్దెనిమిది అడుగులు దాటలేదు. అంత చిన్న ఇంట్లో ఇరవైమంది పడుకునే గది, దాని వెనక ఇంకో రెండు గదులు ఎలా పట్టాయో నాకు అర్థం కాలేదు. అవ్వ ఇంటిని మనసులో పెంచుకుందనుకున్నాను. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెబితే ఆమె ఇక్కడే ఉండిపోతుంది, మామ కట్టేది ఎవరికోసం?

“అవ్వా, ఆ ఇంట్లో నిలబడినట్టే నిలబడి ఒకసారి చెప్పు,” అన్నాను.

ఆమె గడప మీద నిలబడింది. నేను అనుకున్నట్టు లోపలికి తిరిగి కాదు. వీపు ఇంటికి, ముఖం వీధికి.

“నా ఎనకాల లోపలి గది. ఈ పక్కన వంటిల్లు. ముందర గది ఇదీ,” అంటూ మెట్లు దిగి ఎండలోకి నడిచింది.

“అది వాకిలి గదా అవ్వా.”

“పందిరేసినాక గదే. ఇందులోనే వండుకున్నాం, ఇందులోనే ప్రార్థన పెట్టినాం. మీ తాత ఇందులోనే కన్ను మూసినాడు. లోపల ఏముండాది, పెట్టెలు తప్ప?”

“మరి ఫొటోలో పందిరి లేదే?”

చిన్నవ్వ పకపకా నవ్వింది. “వెలుతురు చాలలేదని ఫొటో తీసేటోడు ఆకు, రాటలు అన్నీ పీకించినాడు. పెళ్లినాడు చుట్టాలందరం ఎండలో మాడినాం.”

ఏటేటా తాటాకు కప్పింది దేనికో అప్పుడు తెలిసింది. ఇంటికి పెంకులున్నాయి. మామ నడుం విరిచింది ఈ గదే. కంప్యూటర్లో గోడల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటేనే గది కాదు పొమ్మనేది, ఈ గదికి ఒక్క గోడ కూడా లేదు. దీన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి?

“ఎక్కడి దాకా అవ్వా ఈ గది?”

ఆమె చిన్నవ్వ చేతిలోంచి నీళ్ల చెంబు తీసుకుంది. పొద్దున్నే వాకిలి చల్లినట్టు వంగి, చేత్తో నీళ్లు చల్లుకుంటూ నడిచింది. “ఇంకొంచెం ఇటు చల్లు. బర్రెను కట్టే రాట దాకా,” అని పాత వాకిలిని తలుచుకుని చిన్నవ్వ దిద్దింది. “బర్రెను అవతల కట్టేది నువ్వు, నేను గాదు,” అని అవ్వ వాదించింది. వెనక మొదలుపెట్టిన అంచు అప్పటికే ఆరిపోతోంది. నేను టేపు ఒక కొస చిన్నవ్వ చేతికిచ్చి పరిగెత్తాను. తడి నేలకూ పొడి నేలకూ మధ్య ఉన్న ఆ గీత వెంట కొలుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

మధ్యాహ్నం సంగటి, గోంగూర తిని, ఎండ వాలాక బస్సెక్కాం. అవ్వ నా భుజం మీద ఆత్మకూరు దాకా నిద్రపోయింది. శనివారం సాయంత్రం మస్తాన్ సార్‌కు కథంతా చెప్పి, గోడల్లేని గదిని ఇది ఒప్పుకోదు కదా సార్ అన్నాను.

“గోడలుంటేనే గది అని ఎవురు చెప్పినారమ్మా? చుట్టూ నువ్వే గీత గీసి, ఇది గది అని దానికి చెప్పు. నమ్ముతాది,” అన్నారాయన.

అవ్వ చల్లిన నీళ్ల అంచును గీశాను. రాటలు నిలబెట్టాను, పైన ఆకు కప్పాను. ఆ కంప్యూటరుకు బొమ్మ మొత్తం చూపించడానికి టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. నేను టీకి వెళ్లలేదు. నల్లటి తెర మీద ముందు పెంకుల కప్పు, తర్వాత గుమ్మం, ఆ తర్వాత ఒక్కొక్క రాటే లేచింది. నేను ఏనాడూ చూడని ఇంటి ముందు నేను కూర్చుని ఉన్నాను. ప్రింటు తీసి, గదుల పేర్లు పెన్నుతో తెలుగులో రాసుకున్నాను.

సోమవారం పొద్దున ఆత్మకూరులో స్థలం దగ్గర మేస్త్రీ తెల్లపొడి కలిపి పెట్టుకుని ఉన్నాడు. మామ చేతికి రెండు కాగితాలిచ్చాను. ఒకటి ఆయన అడిగిన స్లాబు ప్లాను. రెండోది పాత ఇల్లు. మామ రెండోదాన్నే పట్టుకుని గీతల వెంట వేలు పోనిచ్చాడు. ముందర గది విస్తీర్ణం లోపలి గది, వంటిల్లు కలిపినదానికంటే ఎక్కువ ఉంది.

“అంటే మేం ఇంట్లో కంటే బయటే ఎక్కువ బతికినాం,” అన్నాడు మెల్లగా. మళ్లీ తేరుకుని, “ఆ తాటాకు మళ్లీ నా నడుం మీదికే గదమ్మా?” అని అవ్వ వైపు తిరిగాడు.

“ఇప్పుడు సంపాదిస్తా ఉండావు గదరా. కూలోళ్లను పెట్టుకో.”

“రేకులేస్తా.”

“రేకులేస్తే ఉదయగిరి బస్సెక్కుతా.”

మామ స్లాబు ప్లాను మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మేస్త్రీ, రెండు గదులూ ఎనక్కి జరుపు. ముందరంతా వదిలెయ్,” అన్నాడు.

ముగ్గు పోయడం అయ్యేదాకా అవ్వ పక్కనే నిలబడింది. అయ్యాక, గుమ్మానికని వదిలిన సందులోంచి లోపలికి వెళ్లింది. అన్ని వైపులా నేలా ఆకాశమే ఉన్నా ఒక్క గీతనూ దాటకుండా రెండు గదులూ తిరిగి, అదే సందులోంచి బయటికి వచ్చి ముందర ఉత్త నేల మీద కూర్చుంది. ఎండ అప్పటికే ముదిరింది. మామ భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో పరిచి ఆమె తల మీద పట్టుకుని నిలబడ్డాడు.

అవ్వ పోయేదాకా ఆ పందిట్లోనే ఉంది, లోపల పెట్టెలున్నాయి. ఆ తర్వాత ఎన్నో భవనాలకు కంప్యూటర్లో గోడలు లేపాను. సాఫ్ట్‌వేర్లు మారాయి, పేర్లు మారాయి, టీ తాగి వచ్చేంత సేపు ఇప్పుడు దేనికీ పట్టదు. అయినా ఏ ఇల్లు మొదలుపెట్టినా ఆ రోజు బస్సు కిటికీలో కదిలిన వేడిగాలి, గడప మీద వీధికి తిరిగి నిలబడిన ఒక మనిషి గుర్తొస్తారు. మీరూ ఆ పక్కకు ఇంటి కొలతలు తీసుకోవడానికి వెళ్తుంటే నాది ఒక్కటే సలహా. టేపుతో పాటు చెంబుడు నీళ్లు అడగండి. ఇల్లు ఎక్కడి దాకా అని ఆ ఇంటి పెద్దావిడను నీళ్లు చల్లి చూపించమనండి. ఆ తడి ఆరకముందే కొలుచుకోండి.