పెద్దమ్మ చూపించిన ముళ్ళమొక్కలు

మా పెద్దమ్మ వెర్నా హిన్రిక్స్‌కి ముళ్ళమొక్క కనిపిస్తే ఒళ్ళు మండేది. అమెరికాలో, మా ఇల్లినాయి రాష్ట్రంలో పొలమున్న వాళ్ళెవరైనా అంతే. చేలో దాన్ని వదిలేసినవాణ్ణి సోమరిపోతుగా జమకడతాం. పెద్దనాన్న పోయాక ఆమె పట్టుదలంతా ఊరి సమాధుల తోట మీద పడింది. అది ఎన్నడూ నాగలి పడని ఎకరం నేల. ఏటా మే నెలాఖరున సమాధుల మీద పూలు పెడతాం. దానికి వారం ముందు ఆమె ముళ్ళమొక్కల్ని వేలెత్తి చూపించేది, నేను వాటిని పారతో వేళ్ళతో సహా పెకలించేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు చేశాం. ఎంత శుభ్రంగా ఉందో అని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయేవాళ్ళం.

నిరుడు చలికాలం పెద్దమ్మ లైబ్రరీలో ఏదో ఉపన్యాసం విని, ఒక కాగితం పట్టుకొచ్చింది. నాగలి పడని ఇలాంటి గడ్డినేలల్లోనే పుట్టి, ఇప్పుడు దాదాపు అంతరించిన ముళ్ళమొక్క బొమ్మ అది. చామంతి కుటుంబమే. ఆకులకే ముళ్ళు, కాడకుండవు. కొన్నేళ్ళు నేలకంటుకుని బతికి, ఒక్కసారి పెద్ద గులాబీరంగు పువ్వు పూసి చచ్చిపోతుంది.

"మనం పీకినవాటికి కాడమీద ముళ్ళుండేవట్రా?" అంది.

"చేతి తొడుగులేసుకుని పీకాను. నాకేం తెలుసు పెద్దమ్మా?"

ఈ వసంతంలో పెద్దనాన్న సమాధి రాయి వెనక, పొద చాటున అలాంటిది ఒకటి మిగిలి కనిపించింది. ఆమె దాని చుట్టూ ఇనపతీగ కట్టింది. దాని గింజలు ఎకరమంతా చల్లి, చేసింది సరిదిద్దాలని ఆమె ఆశ. జూన్‌లో పూసింది. మొక్కలు గుర్తుపట్టే ఉద్యోగం చేసే కారిన్ వచ్చి, మోకాళ్ళమీద కూర్చుని ఆకు తిరగేసి చూసింది.

"అదేనండీ, అనుమానం లేదు. మిగతావి ఎటున్నాయి?"

"ఇదొక్కటే తల్లీ," అంది పెద్దమ్మ.

కారిన్ లేచి, చుట్టూ ఉన్న సమాధుల వైపు చూసింది. "ఇంకో మొక్క పుప్పొడి తగలకపోతే గింజ కట్టడం కష్టమండీ. పూసింది కాబట్టి ఇది కూడా ఎండిపోతుంది."

పెద్దమ్మ నమ్మలేదు. జూలై చివర ఎండిన పువ్వును కోసి అరచేతిలో నలిపింది. దూది ఎగిరిపోయింది. మిగిలినవన్నీ తాలు గింజలే.

"మొత్తం ఎన్ని పీకి ఉంటావురా?" అని అడిగింది.

"నువ్వు చూపించినవన్నీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె చేతులు దులుపుకుని, వెళ్ళి కారులో కూర్చుంది.