మడుగు దగ్గర వద్దనే మనిషి

మా కొండపరుగు గుంపులో "వద్దు" అనగలిగే మనిషి థెల్మా టిన్నిస్‌వుడ్ ఒక్కతే. మిగతావాళ్ళం నోరున్నవాళ్ళమే. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీళ్ళు నములుతాం.

మా వైపు నవంబరును ఏడాది తోక అంటారు. పొట్టేళ్ళను మందల్లోకి వదిలి, ఏ గొర్రెతో జత కట్టాయో తెలియడానికి వాటి రొమ్ములకు పూసిన రంగు గొర్రెల వీపులకు అంటుకునే రోజుల్లో, మేం బ్లెంకాత్ర కొండ మీదికి ఒక పరుగు పెడతాం. పోటీ కాదు, బహుమతీ లేదు. కింద స్కేల్స్ ఊరి నుంచి కొండ నడుమ ఉన్న మడుగు దాకా పరుగు. అక్కడినుంచి షార్ప్ ఎడ్జ్ అనే రాతి అంచు మీద చేతులూ కాళ్ళూ వేసి పాకడం. పైకి చేరాక గడ్డి కొండల మీదుగా మంగ్రిస్‌డేల్ ఊళ్ళోకి దిగి, బంగాళాదుంపలు వేసి వండిన వేడి వేడి గొర్రె మాంసం కూర. వినడానికి ఇంతే. ఆ అంచు మాత్రం పలక రాయి, జనం బూట్లు రాసీ రాసీ నున్నబడింది. ఎండితే నిచ్చెన, తడిస్తే సబ్బు. రెండు పక్కలా లోయే. శీతాకాలం దగ్గరపడ్డాక ఆ వైపు ఎండ సరిగా రాదు, ఒకసారి తడిస్తే ఆ తడి రోజుల తరబడి వదలదు.

అందుకే ఎప్పుడు వెళ్ళాలో, ఏ దారిన వెళ్ళాలో ముందుగా ఆలోచించే మనిషి కావాలి. ఆ పని ఎప్పుడో థెల్మా మెడకు చుట్టుకుంది. చుట్టుకున్నాక ఎవరు విప్పుతారు? మేం చక్కగా బూట్లు తొడుక్కుని వచ్చేవాళ్ళం.

ఆమె పని కొండకు వచ్చేవాళ్ళు దిగే బసలో దుప్పట్లు ఉతకడం. పొద్దస్తమానం తడి గుడ్డలు ఎత్తి ఎత్తి నడుము పడిపోయేది. ఇంటికొచ్చి, అన్నం మాట మరిచి, బల్ల మీద కొండ పటం పరిచేది. ఎండితే ఒక దారి, తడిస్తే ఒక దారి, మబ్బు దిగితే మరొకటి. రేడియోలో వాతావరణం చెప్పేవాణ్ణి నమ్మేది కాదు. "పెరట్లో దుప్పటి ఆరలేదంటే పైన రాయీ ఆరదు. దీనికి రేడియో ఎందుకు?" అనేది.

అసలు కష్టం మడుగు దగ్గర. అంచు ఎక్కబోయే ముందు అందరం అక్కడ వరసగా నిలబడాలి. థెల్మా ఒక్కొక్కరి బూట్లూ మొహమూ చూస్తుంది. వెళ్ళు అంటే వెళ్ళాలి. వద్దంటే, అందరి సంచులూ టీ ఫ్లాస్కులూ మోసుకుని గడ్డి దారిన చుట్టూ తిరిగి పైకి రావాలి. బతిమాలడం లేదు, వాదించడం లేదు. మా కట్టుబాటు అది.

అలా ఎక్కువసార్లు సంచులు మోసినవాడు లాంటీ మౌన్సీ. గొర్రెల కాపరి. మోకాలు ఒకటి వంకర, నోరు మాత్రం తిన్నగా పనిచేస్తుంది. "ఇది చచ్చి స్వర్గానికి పోయినా గుమ్మంలో నిలబడి 'నువ్వొద్దు, నీ బూట్లు అరిగిపోయాయి' అంటుంది చూడండ్రా!" అని ఆమె మొహం మీదే అనేవాడు.

"నువ్వు స్వర్గం దాకా వస్తే కదరా!" అనేది థెల్మా.

నవ్వేవాళ్ళం. నవ్వి, వెనక తిట్టుకునేవాళ్ళం. నన్నూ ఒకసారి జలుబుతో ఉన్నానని గడ్డి దారి పట్టించింది. చలికాలమంతా ఆమెతో సరిగా మాట్లాడలేదు నేను. నేను బడి బస్సు నడుపుతాను. పొద్దున్నే ఆ బస గోడ పక్కనుంచే వెళ్ళాలి. చెయ్యి ఊపేది, చూడనట్టు పోయేవాణ్ణి.

ఇటీవలి ఏళ్ళన్నీ వానలే. ప్రతిసారీ మొత్తం గుంపుకే వద్దని చెప్పి గడ్డి దారిన తీసుకెళ్ళింది. ఈ ఏడు అక్టోబరు చివర నన్ను పిలిచి టీ పోసింది. కుర్చీలో కూలబడి, "ఐజక్, ఇక నా వల్ల కాదు" అంది. "ఇదే ఆఖరు. వచ్చే ఏడు ఎవడైనా చూసుకోండి. కానీ ఒక్కసారి ఆ అంచు మీదికి ఎక్కి మానేస్తాను. అందరికీ వద్దు వద్దని చెప్పి చెప్పి, నేనూ దాన్ని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. అంతకంటే నాకేం వద్దు."

ఆమె తనకోసం ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

పరుగు పెట్టాల్సిన వారం ఆకాశం మమ్మల్ని ఆడించింది. సోమవారం కుండపోత. మర్నాడు గాలి. ఆ తర్వాత ఎండ కాసిందని సంతోషించేలోపు వడగళ్ళు. రోజూ సాయంత్రం ఫోను చేసేది.

"దుప్పట్లు ఆరాయా?" అని అడిగేవాణ్ణి.

"అంచులు ఆరాయి, మధ్యలో చెమ్మ. ఇంకో రోజు చూద్దాం."

"పోనీ గడ్డి దారిన పోదాం థెల్మా."

"నోర్ముయ్. ఇంకో రోజు చూద్దాం అన్నానుగా."

గొంతులో ఆ పట్టు కొత్త. మామూలుగా అయితే తడి అన్న మాట వినగానే తనే గడ్డి దారి అనేసేది.

గురువారం నుంచి తూర్పు గాలి పట్టింది, పొడిగా, ఎముకలు కొరికేలా. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం రాయి చూసి రావడానికి వెళ్ళాం. ముందు రోజు వెళ్ళి చూడటం ఆమె అలవాటు. దారంతా నా వెనకే వచ్చింది. ఎప్పుడూ ముందుండే మనిషి. వయసులే అనుకున్నాను.

మడుగు పైన అంచు మొదట్లో రాయి మీద అరచెయ్యి పెట్టి చూసింది. నేనూ పెట్టాను. పొడిగా, గరుగ్గా ఉంది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. "ఆరింది రా!" అంది. నాలుగు అడుగులు ఎక్కి దిగింది. ప్రతి అడుగుకూ కిందికి చూసి, కాలు ఎక్కడ ఉందో చూసుకుని, అప్పుడు బరువు వేసింది.

తిరిగొచ్చి మడుగు గట్టున కూర్చున్నాం. కుడి బూటు తడిసిందని విప్పి దులిపింది. లోపలినుంచి మొనదేలిన రాయి ఒకటి రాలింది. మేజోడు మడమ దగ్గర నెత్తురు. స్కేల్స్ దగ్గరే దూరి ఉండాలి అది. అంత దూరం దాన్ని తొక్కుకుంటూ నడిచింది.

"నొప్పి తెలియలేదా?" అన్నాను.

ఆ రాయిని గడ్డిలోకి విసిరింది. "షుగరు" అంది. "పాదాలు ఏడాదిగా సరిగా పలకడం లేదు. కళ్ళతో చూసుకుని అడుగు వేస్తున్నాను. అది చాలు."

"అంచు మీద అన్ని చోట్లా కాలు కనపడదు థెల్మా."

"నాకు చెప్పొస్తున్నావా?" అని మేజోడు తొడుక్కుంది. "ఎవరికీ చెప్పకు. రేపు ఒక్కరోజు."

లేచి సంచి భుజాన వేసుకున్నాను. దిగుతూ ఆమె ఫోన్లు మొదలెట్టింది. రేపు అంచు మీదికే, పొద్దున్నే రండి, మధ్యాహ్నానికి పడమటి మబ్బు వస్తుంది. అందరికీ ఒకటే మాట, ఒకటే ఉత్సాహం. నేను మాత్రం ఆమె పాదాలే చూస్తూ దిగాను. ఎవరికైనా చెబితే ఆమెకు ద్రోహం. చెప్పకపోతే ఏమవుతుందో తలుచుకోడానికే భయం. పిల్లి మెడలో గంట కట్టాల్సినవాణ్ణి నేనే అయ్యాను. ఎంత విసుగొచ్చిందంటే, ఉన్నట్టుండి వాన పడితే బాగుండని దేవుణ్ణి అడిగాను.

పడలేదు. శనివారం ఆకాశం కడిగినట్టు తేటగా ఉంది. మడుగు దగ్గర అందరం వరసగా నిలబడ్డాం. థెల్మా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. వెళ్ళు. వెళ్ళు. నువ్వూ వెళ్ళు. లాంటీ అప్పటికే సంచుల కోసం చేతులు చాపి ఉన్నాడు. వాడి మోకాలు వంచి చూసి, "వెళ్ళరా, ఏడవకు" అంది. వాడు చాపిన చేతులు అలాగే ఉంచేశాడు. వాణ్ణి అలా చూడటం నేనెరగను.

నన్నూ వెళ్ళమంది. ఇక మిగిలింది తనే. తనను చూసేవాళ్ళు ఎవరూ లేరు, మా కట్టుబాటులో ఆ ముక్కే లేదు. బూటు తాళ్ళు బిగించుకుని అంచు వైపు తిరిగింది.

"థెల్మా" అన్నాను. "నువ్వొద్దు."

అందరూ నావైపు చూశారు. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది.

"ఎవరు నువ్వు చెప్పడానికి?"

"ఎవరినీ కాను. నీ కాళ్ళకు రాయి తెలియడం లేదు. నువ్వే అయితే పంపుతావా?"

థెల్మా నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నిన్న తెలుసుగా నీకు. నిన్ననే చెప్పొచ్చుగా? ఇంత దూరం రానిచ్చి, వీళ్ళందరి ముందా?"

"నిన్న నోరు రాలేదు."

"నాకు మాత్రం వచ్చేదనుకున్నావా, ఇన్నేళ్ళూ?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఒక్కొక్కడికి వద్దని చెప్పి ఇంటికెళ్ళి ముద్ద మింగలేకపోయేదాన్ని. మీరు మాట్లాడకుండా పోయేవాళ్ళు. బస్సులోంచి మొహం తిప్పుకునేవాడివి నువ్వు."

ఆమె వంగి సంచులు ఒక్కొక్కటే భుజాన వేసుకుంది. సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది. గడ్డి దారి పట్టి వెళ్ళిపోయింది.

మేం ఎక్కాం. రాయి వేళ్ళకు అతుక్కున్నట్టుంది. మామూలుగా అయితే కేకలు పెట్టేవాళ్ళం, ఆ రోజు బూట్లు రాతికి రాసుకునే చప్పుడే. నడుమలో ఒకసారి కిందికి చూశాను. ఎదుటి వాలు మీద ఆమె సంచుల కింద వంగి నడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే పడతాను గనక ఆపుకున్నాను.

పైన మాకంటే ముందే చేరి టీ పోస్తోంది. అందరికీ ఇచ్చింది, చివరికి నాకూ ఇచ్చింది.

"రాయి ఎలా ఉంది?" అని అడిగింది, ఎవరినీ కాకుండా.

"చెత్తగా ఉంది" అన్నాడు లాంటీ వెంటనే. "మధ్యలో అంతా తడి. జారుడు. నువ్వు రాకపోవడమే మంచిదయింది. నేనైతే సగం దూరం కూర్చునే పాకాను."

మిగతావాళ్ళు అవునవునని తలలూపారు. వాళ్ళ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. థెల్మా వాళ్ళనెవరినీ చూడలేదు.

"నువ్వు చెప్పు, ఐజక్."

అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ కింద ఆ మాట అన్న నోటితో పైన ఈ మాట ఎలా అనను?

"పొడిగా ఉంది థెల్మా. ఇంత బాగా నేనెప్పుడూ చూడలేదు."

తల ఊపింది. ఫ్లాస్కు మూత బిగిస్తూ, అందరి ముందే ఏడ్చింది. దాచుకోలేదు. లాంటీ తన కోటు విప్పి ఆమె భుజాల మీద వేసి, పక్కనే నేల మీద కూర్చున్నాడు.

అంతలో పడమటి మబ్బు రానే వచ్చింది. చూస్తుండగానే శిఖరం మీది రాళ్ళ గుట్ట కనపడకుండా పోయింది. గాలి తిరిగింది, చినుకు మొదలయింది. బ్యానర్‌డేల్ కొండ మీదుగా ముందుకు వెళ్ళడమా, థెల్మా వచ్చిన గడ్డి దారినే దిగడమా? అలవాటు కొద్దీ అందరం థెల్మా వైపు చూశాం.

ఆమె కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది.

మిగతావాళ్ళూ నా వైపే తిరిగారు. గడ్డి దారినే దిగుదాం అన్నాను.