అందరికంటే చివర మాట్లాడిన మనిషి

మొన్న ఉదయం అచ్యుతాపురం వెళ్లే మా కంపెనీ బస్సులో రబ్బరు కాలిన వాసన వేసింది. డ్రైవరు బండి పక్కకి తీసి ఆపాడు. షిఫ్టుకి ఆలస్యమవుతోందని అందరూ విసుక్కుంటుంటే, నాకు నూర్జహాన్ గారు గుర్తొచ్చారు. ఆ వాసనతో ఆవిడా, నేను చేసిన తప్పూ కలిసే గుర్తొస్తాయి.

మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షనులో ఆవిడ షిఫ్ట్ ఇన్‌చార్జి. అనకాపల్లి టౌనులో దర్జీల ఇంటి ఆడపడుచు. నేను కశింకోట పక్క చెరుకు రైతు కొడుకుని, డిప్లొమా ఉందన్న పొగరుతో ఆవిడ కింద సూపర్‌వైజరుగా చేరాను. మా లైనులో రాంబిల్లి జాలరి పల్లెల ఆడవాళ్లు, ఒడిశా కుర్రాళ్లు, టౌను పిల్లలు అందరూ ఉండేవారు. షిఫ్టు మొదలయ్యే ముందు ఆవిడ అందరినీ గుండ్రంగా నిలబెట్టేవారు. అందరికంటే కొత్తగా చేరిన మనిషి ముందు మాట్లాడాలి, ఆవిడ చివర. ఒడియా మాటలు ఎవరో ఒకరు తెలుగులో చెప్పేదాకా కదలనిచ్చేవారు కాదు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది ఈవిడ వ్యవహారం అని నేను లోపల నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి ఆవిడ నాలుగు రోజులు సెలవు పెట్టారు. మీటింగు నా చేతికొచ్చింది. చెప్పాల్సింది చెప్పేసి, "ఏమైనా డౌట్లున్నాయా?" అని, జవాబు వచ్చేలోపే "సరే, పదండి" అనేవాణ్ణి. రెండు నిమిషాల్లో అయిపోయేది. నాలుగో రోజు పైడితల్లి అనే ఆవిడ ఎర్ర బటన్ నొక్కి మెషీన్ ఆపేసింది. రాంబిల్లి వైపు నుంచి వచ్చి చేరి రెండు వారాలైంది, అంతే. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోందని నాకు తెలుసు. అయినా ఆమెను లైను నుంచి పంపేసి, మెషీన్ మళ్లీ వేయించి, ఉద్యోగంలోంచి తీసెయ్యమని మేనేజరుకి లెటర్ రాశాను.

మర్నాడు నూర్జహాన్ గారు ఆ లెటర్ కాపీ చదివారు.

"ఎందుకాపిందో అడిగేవా బాబూ?"

"అడగడానికేముందండీ, ఆపేసింది కదా!"

ఆవిడ కేకలెయ్యలేదు. మెషీన్ వెయ్యనివ్వకుండా, గేటు దగ్గర నిలబడ్డ పైడితల్లిని పిలిపించి, అందరినీ గుండ్రంగా నిలబెట్టారు. "నువ్వే సెప్పమ్మా ముందు." పైడితల్లి నేల చూపులు చూస్తూ నిలబడింది. నూర్జహాన్ గారు తొందర పెట్టలేదు.

"మొన్నట్నుంచీ మిసన్లో రబ్బరు కాలిన కంపొస్తందండి. మా పడవింజనుకి బెల్టు తెగేముందు ఇదే కంపొచ్చీదండి. అది తెగి తగిలే మా ఆయన సెయ్యి పోయింది. లచ్చిమి సెయ్యి ఆ పక్కనే ఉందని ఆపేసేను. నిన్న పొద్దుటే సెప్దావనుకుంటే సారు ఆగనేదు."

ఫిట్టరు మెషీన్ మూత విప్పాడు. బెల్టు నాలుగు పోగుల మీద వేలాడుతోంది. ఆ మెషీన్ మీద పనిచేసే లక్ష్మి తన చెయ్యి చూసుకుని ఏడ్చేసింది.

"రాసింది నువ్వు. ఎనక్కి తెచ్చీదీ నువ్వే. ఎందుకో కూడా నువ్వే సెప్పాలి," అన్నారు ఆవిడ.

మేనేజరు ముందు చెప్పడం ఒక ఎత్తు, అందరి ముందూ పైడితల్లికి చెప్పడం ఒక ఎత్తు. చెప్పాను. ఉద్యోగం నిలబడింది గానీ, ఆమె నెల రోజులపాటు తన వంతు వస్తే "ఏటీ నేదండి" అని ఊరుకునేది. తట్టుకోలేక నూర్జహాన్ గారితో మొర పెట్టుకున్నాను. "ఒక్క పూటలో పోగొట్టేవు. ఒక్క పూటలో రాదు బాబూ. అడుగుతుండు," అన్నారు.

నూర్జహాన్ గారు రిటైరయ్యాక ఇప్పుడు నేను ఇన్‌చార్జిని, పైడితల్లి లైను లీడరు. ఇప్పటికీ ముందు నేనే మాట్లాడేద్దామని నాలుక దురద పెడుతుంది. పళ్ల మధ్య నొక్కి పెట్టుకుంటాను.

పోయిన నెల నూర్జహాన్ గారు చనిపోయారు. క్యాంటీనులో సంతాప సభ పెట్టి, పెద్దవాళ్లు హోదాల వరసలో మాట్లాడబోతుంటే, నేను లేచి కొత్తవాళ్లతో మొదలుపెడదామన్నాను. అప్పటికి వారం కిందటే చేరిన అమ్మాయి లేచి నిలబడింది.

"నానావిడ్ని సూడనేదండి. సేరిన రోజు నన్నే ముందు మాటాడమన్నారు. బయమేసింది. ఎందుకలాగని పైడితల్లక్కనడిగితే, 'నూర్జాన్ మేడమ్ లైనులో అంతే' అంది."

అందరికంటే చివర నా వంతు వచ్చింది. అప్పటికి నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు.