ఐసులో పెట్టిన మందు

మా నాన్న మరబోటు డ్రైవరు. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలేసరికి అది వెన్నెముక దాకా పాకింది. మగ హార్మోనును అణిచే ఇంజెక్షను నెలకొకటి వేయించమని, అది పనిచేస్తే నొప్పి తగ్గి కొన్నేళ్లు తిరుగుతాడని ఆసుపత్రి డాక్టరు చెప్పారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి.

మల్కాపురంలో మా వీధికంతటికీ సూది వేసేది ఒక ఆరెంపీ, డిగ్రీ లేని డాక్టరు. తలుపు వీధిలోకి తెరిచి ఉండే గది, బెంచీ నిండా జనం. వాళ్ల ముందు లుంగీ దించడానికి నాన్న ఒప్పుకోలేదు.

"సేతికెయ్యి బావా," అన్నాడు ఆరెంపీతో, వరస కలిపి.

తుంటికి వేయాలని డాక్టరు చీటీలో రాసి ఉంది. ఆరెంపీ చేతికే వేశాడు.

మందు తెచ్చేది మా మావయ్య. ఫిషింగ్ హార్బర్లో ఐసు ప్లాంటు పని ఆయనది. చల్లగా ఉంచండి, గడ్డ కట్టనివ్వకండి అని మందుల షాపులో చెప్పారు. ఆయన మొదటి ముక్కే విన్నాడు. చితక్కొట్టిన ఐసులో ఉప్పు చల్లి, వంజరం చేపను పాతినట్టు డబ్బాను పాతి తెచ్చేవాడు.

"పది రోజుల సేపకే నాను కన్ను తెల్లబడనివ్వను. ఈ బుడ్డెంత బావా!"

మందు పౌడరుని కలపడానికి డబ్బాలోనే వచ్చిన నీళ్ల బుడ్డి రాయిలా గడ్డకట్టి ఉండేది. ఆరెంపీ దాన్ని చూసి నవ్వి, చెత్తబుట్టలో వేసి, తన బీరువాలోని నీళ్లు కలిపేవాడు.

"నీల్లు నీల్లేరా బావా. పౌడరు కరిగితే సాలు."

కలిపిన సిరంజిని బల్ల మీద పెట్టి, పక్కవాడి దగ్గుకి మాత్రలిచ్చి, ఓడల కబుర్లు చెప్పి వచ్చేవాడు. ఈలోగా మందు అడుక్కి దిగిపోయేది. సూది మూసుకుపోతే కొంత నేల మీదకి చిమ్మి, మిగిలిన పలచటి నీళ్లు ఎక్కించి, చెయ్యి ఎర్రబడేదాకా దూదితో రుద్దేవాడు. నాలుగు నెలలు అలాగే జరిగింది.

నేను పక్కనే నిలబడి చూశాను. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం నాది. చేతికి ఏ పుస్తకం దొరికినా చదివేదాన్ని. డబ్బాలో మడిచి ఉన్న ఇంగ్లీషు కాగితం మాత్రం ఒక్కసారీ విప్పలేదు. ఆరెంపీకి చదువు లేదు. నాకు ఆ సాకు కూడా లేదు.

నాలుగో నెలలో రక్తపరీక్ష చేస్తే, తగ్గాల్సిన క్యాన్సర్ అంకె పెరిగింది. సూది ఎవరు వేస్తున్నారని డాక్టరు అడిగారు. చెప్పాను. ఆయన మమ్మల్ని ఇంజెక్షన్ గదికి పంపారు.

అక్కడి నర్సు తెర లాగి, నాన్నని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసి, పేరూ తేదీ చూసింది. ఆ తర్వాతే మందు కలిపింది.

"ఇది కరిగే మందు కాదమ్మా, నీల్లల్లో తేలతాది. కలిపిన ఎంటనే ఎయ్యాల. దీంతో వొచ్చిన నీల్లే కలపాల. గడ్డ కట్టిందా, ఇంక పారెయ్యడవే."

పిరుదు పైభాగంలో, బయటి మూలన వేసింది. రుద్దలేదు. ఏ వైపు వేసిందో కాగితం మీద రాసి, వచ్చే నెల రెండో వైపు అంది.

తెర వెనకనుంచి నాన్న గొంతు వినపడింది. "అయిపోయిందేటి? దీనికా నాను సిగ్గుపడ్డాను!"

రెండు నెలలు నొప్పి తగ్గింది. హార్బరు దాకా నడిచి వెళ్లి వచ్చేవాడు. తర్వాత కాళ్లు పడిపోయాయి. వానాకాలంలో పోయాడు. మొదటి నాలుగు నెలలూ దక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని డాక్టరు అన్నారు.

చుట్టాలు వచ్చేదాకా శవాన్ని ఉంచాలని మావయ్య ప్లాంటు నుంచి ఐసు తెచ్చాడు. ఆరెంపీ కూడా వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ అందరికీ చెప్పాడు.

"నాలుగు సూదులు నా సేత్తోనే ఏసేను. ఒక్కటీ పుండు పడనేదు."

నిజమే, పుండు పడలేదు. నేను ఆయన వైపు చూడలేదు. నాన్న కాళ్ల దగ్గర ఐసు కరిగిపోతోందని, ఇంకాస్త వెయ్యమని మావయ్యతో చెప్పాను.