పార్వతమ్మ కుట్టిన సైకిలు నిక్కరు

గద్వాల బస్టాండు వెనక సందులో మిషన్ పెట్టుకున్న పార్వతమ్మను అందరూ కత్తెర పార్వతమ్మ అంటారు. బట్టలు కత్తిరిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటే పొరపాటే. ఆ సందులో ఇంకో నలుగురు దర్జీలున్నారు, వాళ్లెవరికీ ఆ బిరుదు రాలేదు. ఏ ఆడపిల్లైనా చున్నీ కొస గాలికి ఎగురుతుండగా సైకిలు మీద అటు వెళ్లిందా, పార్వతమ్మ కుడుతున్న జాకెట్టు ఎక్కడిదక్కడ వదిలేసి రోడ్డు మీదికి దూకేది. క్యారియరు పట్టుకుని ఆపేది. ఆగకపోతే పడదోసేది. పడిన పిల్ల తేరుకునే లోపల చున్నీ రెండు ముక్కలయ్యేది. తల్లులు వచ్చి శాపనార్థాలు పెట్టేవాళ్లు, తండ్రులు పోలీసుల దగ్గరికి పోతామనేవాళ్లు. ఆమె తల కూడా ఎత్తేది కాదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ మనిషి నోరూ మంచిది కాదు, చెయ్యీ మంచిది కాదు.

ఈ నలభై ఆరేళ్ల మనిషిని తిరిగి కొట్టిన పిల్ల ఒక్కతే, రోజా. గట్టు దారిలో ఒక పల్లె నుంచి రోజూ పన్నెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ డిగ్రీ కాలేజీకి వస్తుంది. నిరుడు వానలు మొదలైన కొత్తలో పార్వతమ్మ ఆమెను కూడా పడదోసి చున్నీ కత్తిరించింది. మోకాలు చిట్లి నెత్తురు కారుతున్నా రోజా లేచి నిలబడి, పార్వతమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది. సందులో వాళ్లంతా ఇక ఈరోజు పీనుగ లేస్తుందనుకున్నారు.

"ఎందుకు కొట్టినవ్?" అంది పార్వతమ్మ చెంప తడుముకుంటూ.

"నువ్వెందుకు పడేసినవ్?"

పార్వతమ్మ వెనక చక్రం చూపించింది. తెగిన చున్నీ కొస చువ్వల్లో అప్పటికే రెండు చుట్లు తిరిగి ఉంది.

"ఇంకో నాలుగు చుట్లు తిరిగితే నీ మెడకాయ గీడ ఉంటుండె. ఇప్పుడు కొట్టు, ఇంకోటి కొట్టు."

రోజా కొట్టలేదు. వచ్చి దుకాణం మెట్టు మీద కూర్చుంది. పార్వతమ్మ ఆ మోకాలు కడిగి, పసుపు అద్ది, పాత గుడ్డతో కట్టింది. కడిగేటప్పుడు కూడా మెత్తగా కడగలేదు.

"సైకిల్ తొక్కేదానికి చున్నీ ఎందుకే?"

"వేరే బట్టలు దొరికితే గద పెద్దమ్మా."

దసరా దాటాక నాగర్‌కర్నూల్‌లో ఆడవాళ్ల సైకిలు పందెం ఉంది. ఇరవై కిలోమీటర్లు. రోజా దానికి పేరిచ్చింది. కాలేజీలో ఆటల మేడమ్ ఎక్కడో అడిగి రేసు సైకిలు ఇప్పించింది, ఒక హెల్మెట్టూ ఇచ్చింది. హెల్మెట్టు జడ ముడి మీద కూర్చోదు. బట్టల కోసం రోజా గద్వాలంతా తిరిగింది, బస్సెక్కి వనపర్తి పోయింది. అక్కడ దుకాణదారు, "లేడీస్ సైజు రాదమ్మా, జెంట్స్‌ల చిన్నది ఏస్కో, గదే లేడీస్," అని ఒక నల్ల నిక్కరు, ఒక బనీను అంటగట్టాడు. నిక్కరు నడుము దగ్గర జారుతుంది, తుంటి దగ్గర పిగిలిపోతుంది. లోపలి స్పాంజి ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడ ఉంది. బనీను భుజాలు మోచేతుల మీదికి దిగుతాయి, రొమ్ము దగ్గర ఊపిరాడదు. అందుకే మళ్లీ సల్వారు, మళ్లీ చున్నీ.

రోజా సంచిలోంచి తీసి చూపించిన ఆ నిక్కరును పార్వతమ్మ అందుకుని, కోడిని కోసినట్టు ఒక్క ఊపున నిలువునా చీల్చి బల్ల మీద పరిచింది.

"ఇది మొగోని కొలత. ఆడదానికి తుంటి ఉంటదని ఈనికెవ్వడు చెప్పలే. నేను కుడ్త. గీ సందుల మళ్ల చున్నీతోని కనవడ్డవంటె మాత్రం కాళ్లిరగ్గొడ్త."

ఆ మాట వెనక ఒక చావు ఉంది. ఇరవై నాలుగేళ్ల కింద పార్వతమ్మ చెల్లెలు యమున అదే గట్టు రోడ్డు మీద సైకిలు తొక్కుతూ చనిపోయింది. పదిహేడేళ్లు. చున్నీ చక్రంలో పడి మెడకు బిగిసింది. వెనకే ఇంకో సైకిలు మీద వస్తున్న పార్వతమ్మ చేతులతో లాగింది, పళ్లతో కొరికింది, గుడ్డ తెగలేదు. చెల్లెలు కళ్లు ఉబ్బి, నాలుక బయటికొచ్చి, తన ఒళ్లోనే కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. ఊరికి అంతవరకే తెలుసు. అప్పటి నుంచీ పార్వతమ్మ సైకిలెక్కలేదు, బొడ్లో కత్తెర లేకుండా గడప దాటలేదు. తన చేతి బట్ట కట్టుకుని వెళ్లిన పిల్ల ప్రాణంతో తిరిగి రావాలి. ఆమెకు పందెంతో, బహుమతితో పని లేదు.

మొదటి నిక్కరు సాగే బట్టతో కుట్టింది. కొలత అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఆ రోజు రోజా నలభై కిలోమీటర్లు తొక్కి, సాయంత్రం కాళ్లు ఎడంగా వేసుకుంటూ, పళ్లు కరుచుకుంటూ వచ్చింది. తలుపు మూసి చూస్తే తొడల సందున తోలు లేచిపోయి పచ్చి పుండు. నెత్తురు ఎండి నిక్కరు ఒంటికి అతుక్కుంది. నీళ్లు పోసి నానబెట్టి ఒలవాల్సి వచ్చింది. ఒలుస్తుంటే రోజా పార్వతమ్మ భుజం కొరికింది.

తప్పు పార్వతమ్మ పనితనానిదే. పత్తి చేన్లలో వంగి లేచి పనిచేసే ఆడవాళ్లకు ఇరవై ఏళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి అది. ఆ చేతికి తెలిసిన నీతి ఒక్కటే, ఒత్తిడి పడే చోట కుట్టు బలంగా ఉండాలి. ఆమె కుట్టిన జాకెట్టు చంకలో చిరిగిందని ఈ రోజు దాకా ఎవరూ అనలేదు. అందుకే కాళ్ల మధ్య, నాలుగు ముక్కలూ కలిసే చోట, రెండు వరసలు వేసి పైన మూడోది కూడా దిగ్గొట్టింది. ఆ గట్టి కుట్టే సీటుకూ ఒంటికీ మధ్య రంపంలా పనిచేసింది. మూడు వారాలు పుండు మానలేదు. మానాక రెండోది వదులుగా కుట్టింది. అది ముడతలు పడి ఇంకా కోసింది.

మూడోది కుట్టి రోజాకు ఇవ్వలేదు. తానే తొడుక్కుంది. పైన చీర చుట్టుకుని తెల్లవారుజామున గట్టు రోడ్డు దాకా నడిచి వెళ్లి, అక్కడ చీర విప్పి మడిచి రోజా చేతికిచ్చి, రేసు సైకిలెక్కింది. ఎక్కగానే పడింది. మోచెయ్యి గీరుకుంది. బూతులు తిట్టుకుంటూ మళ్లీ ఎక్కింది. చెల్లెలు పడిన చోటు వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది, మళ్లీ పడింది. పన్నెండు కిలోమీటర్లు వెళ్లి వచ్చేసరికి ఒరుసుకుంటున్నది ఎక్కడో, అంగుళంతో సహా తెలిసింది. ఇంటికొచ్చి కూర్చోలేక నిలబడే గుడ్డ కత్తిరించింది. కాళ్ల మధ్య కుట్టన్నదే లేకుండా, ముందు నుంచి వెనక దాకా ఒకే ముక్క వేసి, కుట్లన్నీ తొడల పక్కలకు జరిపింది. స్పాంజి వెడల్పు చేసి వెనక్కి తెచ్చింది. బనీనుకు రొమ్ము దగ్గర మడత విప్పింది, వీపు పొడుగు పెంచింది. హెల్మెట్టు కిందికి వచ్చేలా రోజా జడను మెడ దగ్గర రెండు పాయలు చేసి అల్లి చూపించింది. రోజా ఆ బట్టల్లో యాభై కిలోమీటర్లు తొక్కి వచ్చి, వేడి వేడి అన్నం కూర్చుని తిన్నది.

పందెం ఇంకో మూడు రోజులుందనగా ఎవడో పుణ్యాత్ముడు రోజా సైకిలు తొక్కుతుంటే ఫోనులో వీడియో తీసి ఆమె తండ్రి లింగయ్యకు చూపించాడు. లింగయ్య పత్తి విత్తనం సాగు చేసే రైతు. అప్పు పుట్టకున్నా ఓర్చుకుంటాడు, మాట పడితే మాత్రం ఓర్చుకోడు. ఇంట్లో కూతురిని బెల్టుతో కొట్టాడు. పెదవి పగిలిన పిల్లను జుట్టు పట్టుకుని ఆటోలో వేసుకుని మధ్యాహ్నం దుకాణం ముందు దించాడు. చేతిలో పొడుగాటి కట్టె. మొదటి దెబ్బకు మిషన్ తల విరిగి పడింది. రెండోది చక్రం మీద, మూడోది పార్వతమ్మ ఎడమ భుజం మీద. బల్ల మీదున్న రోజా నిక్కరు దొరకబుచ్చుకుని రెండు కాళ్లూ పట్టి పర్రున చింపాడు. పార్వతమ్మ వాడి మణికట్టు నోట కరుచుకుంది. వాడు కట్టెతో వీపు మీద బాదుతున్నా వదల్లేదు. నెత్తురు గడ్డం మీదుగా కారింది. పక్క దర్జీలు ఇద్దరూ కలిసి లాగితే గానీ విడిపోలేదు.

"నా బిడ్డ తొడలు ఊరంత చూపిచ్చినవ్," అన్నాడు లింగయ్య రొప్పుతూ. "నీ చెల్లెను మింగినవ్, సాలలేదా? నా ఇజ్జత్ బజార్ల పెడ్తవా?"

సందు సందంతా నిలబడి చూస్తోంది. పార్వతమ్మ నోట్లో నెత్తురు ఉమ్మేసింది.

"అవ్, మింగిన. నేనే సంపిన," అంది. "తెల్వదా మీకు? వినుండ్రి. ఆ పొద్దు చున్నీ జారితె ఇజ్జత్ పోతదని, రెండు బుజాలకు నాలుగు పిన్నులు నేనే పెట్టిన. ఆ పిల్ల వద్దక్కా వద్దక్కా అన్నది, ఇన్లే. పిన్నులు లేకుంటె చున్నీ జారి చక్రంల పడుండె, పిల్ల బతికుండె. నా ఇజ్జత్ మంచిగనే ఉన్నది లింగయ్యా. చెల్లె లేదు."

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పక్క దర్జీ ఒకడు తల దించుకున్నాడు. లింగయ్య మాత్రం దించలేదు. కోపం ఒకసారి చేతికెక్కాక చెవులు పనిచేయవు. మళ్లీ కట్టె ఎత్తాడు. ఈసారి రోజా అడ్డం వచ్చి ఆ కట్టె పట్టుకుని మెలితిప్పింది. నెలల తరబడి సైకిలు తొక్కిన కాళ్లు, బిగించి నిలబడితే కదలవు. తండ్రి తూలి మురుగు మోరీ గట్టు మీద వెల్లకిలా పడ్డాడు.

"అమ్మ చేన్ల చీరె మీద నీ అంగీనే ఏస్కుంటది గద నాయినా," అంది రోజా. "చేతులు గీరుకుపోవద్దని నువ్వే ఇస్తవ్. గప్పుడు పోని ఇజ్జత్ నా నిక్కరుతోని పోతదా? నేను పందానికి పోత. ఇంట్లకు రానిస్తె వస్త, లేకుంటె ఈడనే పండుకుంట."

లింగయ్య లేచి, మణికట్టుకు రుమాలు చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. కూతురిని రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

మిషన్ తుక్కయింది. పార్వతమ్మ వాచిన ఎడమ చెయ్యిని ఒళ్లో పెట్టుకుని, గుడ్డను మోకాళ్ల మధ్య బిగించి, రెండు పగళ్లూ నిక్కరును మళ్లీ చేత్తో కుట్టింది. దవాఖానకు పదమంటే రోజాను కసిరికొట్టింది. పక్క దర్జీ తన మిషన్ ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ప్రతి కుట్టూ వేసి, గోటితో గీరి, తన చెంపకు రాసుకుని చూసుకుంది.

నాగర్‌కర్నూల్‌లో పందెం నాడు ఎండ మాడ్చింది. యాభై మంది దాకా ఆడపిల్లలు, సగం మంది చున్నీలు నడుముకు బిగించి వచ్చారు. పార్వతమ్మ చివరి మలుపు దగ్గర నిలబడింది. అక్కడ రోడ్డు మీద ఇసుక మేట వేసి ఉంది. ముందుగా ఏడుగురు ఒక్క గుంపుగా వచ్చారు, రోజా మూడో మనిషి. ముందున్న పిల్ల చక్రం ఇసుకలో జారింది. రెండో సైకిలు దాన్ని గుద్దుకుంది. రోజా గాల్లోకి లేచి ముఖం నేలకు కొట్టుకుని పడింది. వెనక వస్తున్న సైకిలు ఆమె వీపు మీదుగా ఎక్కి, పక్కకు ఒరిగి, దాని మీద ఇంకొకటి పడింది. ఇనుము, అరుపులు, దుమ్ము. పెడలు ఇంకా తిరుగుతూనే ఉంది.

పార్వతమ్మ ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. మీద పడ్డ సైకిళ్లను ఒంటి చేత్తో ఈడ్చి పారేసింది. రోజా కళ్లు మూసి ఉన్నాయి, ముక్కు నుంచి నెత్తురు. పార్వతమ్మ చేతులు ఆ పిల్ల మెడ మీదికి పోయాయి. మెడ తడిమింది, భుజాలు తడిమింది, నడుము, తొడలు, మోకాళ్లు, చక్రానికీ ఒంటికీ మధ్య ఉన్న ప్రతి వేలెడు సందూ తడిమింది. బట్ట ఒంటిని అంటిపెట్టుకునే ఉంది. ఒక్క పోగు కూడా ఎక్కడా చిక్కుకోలేదు. అయినా ఆమె చేతులు నమ్మలేదు, మళ్లీ మెడ దగ్గర మొదలుపెట్టాయి.

"పెద్దమ్మా," అంది రోజా కళ్లు తెరిచి. "చేతులు తియ్యి. నేను లేవాలె."

పార్వతమ్మ చేతులు తీసింది. రోజా నెత్తురు ఉమ్మేసి, హ్యాండిలు సరిచేసుకుని, సైకిలెక్కి వెళ్లిపోయింది. పార్వతమ్మ రోడ్డు మధ్యలో ఇసుకలో కూలబడి, చెల్లెలిని పేరు పెట్టి పిలుస్తూ, ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.